పై దవడలో ఇంకొకరు

కేరళలోని కొల్లంలో కూలీల నాయకురాలు సౌదామిని గొంతెత్తిందంటే జీడిపప్పు కార్ఖానా పెద్దలు కుర్చీల్లో సర్దుకుని కూర్చునేవారు. అరవై దాటాక వెనక పళ్ళు ఊడి, మాటల్లోంచి గాలి పోవడం మొదలైంది. కూలీలను బయటికి పంపి కార్ఖానాకు తాళం వేసినరోజు మేనేజరు ఆమె మాటను వెక్కిరించి మరీ నవ్వాడు. మర్నాడే ఆమె పళ్ళ డాక్టరు షెరిన్ దగ్గరికి వెళ్ళింది.

కొత్త పళ్ళు నాటడానికి పై దవడలో ఎముక చాలదంది షెరిన్. పెద్ద కోతలు లేకుండా, అగ్గిపుల్ల పట్టేంత రంధ్రం చేసి, లోపలి పొరను చిన్న బుడగతో పైకెత్తి, కింద ఎముక పొడి నింపుతానంది. ఆ పొడి చనిపోయినవాళ్ళు దానమిచ్చిన ఎముకదని దాచకుండా చెప్పింది. అరగంటలో పనైపోయింది.

మూడోరోజు మధ్యాహ్నం. బయట సన్నగా వాన. ఇంట్లో ఒక్కతే కూర్చుని చల్లారిన గంజి తాగుతోంది సౌదామిని. నోట్లో లవంగనూనె వాసన. దాని అడుగునుంచి ఇంకో వాసన... తడిమట్టి వాసన. గిన్నె పక్కన పెట్టింది. దవడ ఆగలేదు. మెల్లగా, దానంతటదే, నములుతోంది... నోట్లో ఏమీ లేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. వేళ్ళ మధ్యనుంచి మగగొంతు వచ్చింది.

“తలుపు తియ్యి...”

లేచి అద్దం ముందు నిలబడింది.

“ఎముకగా ఉంటానంటే ఉండు. నోరు మాత్రం నాది,” అంది.

ఫోన్ చేస్తే షెరిన్ బెదిరిపోయి, వెంటనే రమ్మని, ఆ పొడి తీసేస్తానంది. సౌదామిని ఒప్పుకోలేదు. బతికున్నవాళ్ళకే భయపడనిదాన్ని, చచ్చినవాడికి భయపడతానా అని ఫోన్ పెట్టేసింది.

సోమవారం కార్ఖానా గేటు ముందు పనిపోయిన మూడొందలమంది ఆడవాళ్ళు. ఆమె మాట్లాడబోయింది. దవడ బిగుసుకుంది... నాలుక కదల్లేదు... లోపలినుంచి ఆ గొంతు లేచింది.

“తలుపు తియ్యి...”

ఆడవాళ్ళు వెనక్కి జరిగారు. గేటు అవతల మేనేజరు మొహం పాలిపోయింది. సౌదామిని అరచేత్తో తన దవడను తనే కొట్టి, గొంతు తిరిగి తెచ్చుకుని మేనేజరుతో అంది.

“విన్నావుగా. చచ్చినవాడు కూడా అడుగుతున్నాడు. తియ్యి.”

వెనకనుంచి ఒకామె అదే మాట అందుకుంది. తర్వాత అందరూ. సాయంత్రానికి తాళం తీశారు. ఆ గొంతు మళ్ళీ వినిపించలేదు.

ఆరునెలలకు షెరిన్ స్కాన్ తీసి, తెరను సౌదామిని వైపు తిప్పింది.

“అక్కా, ఎముక బాగా కట్టింది. కానీ అందులో ఒక పన్నుంది. నేను పెట్టింది కాదు.”

బాగా అరిగిన మగాడి దంతం. మధ్యలో ఎవరో ఎప్పుడో నింపిన వెండి.

“ఉండనీ. దాని పక్కనే నావి నాటు,” అంది సౌదామిని.

షెరిన్ తెరమీద వేలితో చూపించింది. ఆ పక్కన ఖాళీ లేదు. అక్కడ ఏ పసిబిడ్డవో రెండు పాలపళ్ళున్నాయి.