ఎదురుగా కూర్చోవాలని

"ముందు మీరు కళ్ళు చూపించుకోండి," అంది ఆమె. అతనితో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

అతను ల్యాబ్‌లో కొత్తగా చేరిన రీసెర్చ్ స్కాలర్. ఆమె పాథాలజీ డాక్టర్. ఆమె ముక్కుసూటి మాటలకి ల్యాబంతా పెట్టిన పేరు సూదిమందు.

ఇద్దరి పనీ ఒకటే. పాంక్రియాస్ క్యాన్సర్ గడ్డల స్లైడ్లు ఎవరికి వారు మైక్రోస్కోప్‌లో చూసి, గోధుమరంగులో కనిపించే రక్షణ కణాలు ఎక్కువో తక్కువో రాయాలి. ఏ స్లైడ్ ఏ రోగిదో తెలియదు. ఇద్దరికీ తేడా వస్తే మాత్రం, రెండు తలల మైక్రోస్కోప్ ముందు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి.

తొలి తేడా నిజంగానే వచ్చింది. అతను కణాలనుకున్నవి రంగు మరకలట.

"సరే, మరకలే. కానీ మిగతావి ఇన్ని గుంపుకట్టాయి కదండీ, గడ్డ ఈపాటికి చచ్చుండాలిగా?" అన్నాడు, పరువు కాపాడుకోవడానికి.

"చంపడానికే వస్తాయి పాపం. గడ్డే అక్కడ మంట రేపి, సిగ్నల్స్ పంపి పిలుస్తుంది. వచ్చాక మంచి చేసుకుంటుంది. ఇక అవి గడ్డకే కాపలా. నిజంగా చంపగలిగే కణాల్ని దగ్గరికి కూడా రానివ్వవు."

"కంచే చేను మేసినట్టు."

"అచ్చం అంతే! ఆ పిలుపుని ఆపే మందు పనిచేస్తోందో లేదో ఈ స్లైడ్లే చెప్పాలి," అంటూ ఆమె నవ్వింది.

ఆ నవ్వుతో అతని పని అయిపోయింది. ప్రేమలో పడ్డవాడికి కళ్ళు కనిపించవంటారు. ఇతనికి లేనివి కూడా కనిపించసాగాయి. రోజూ ఏదో ఒక స్లైడ్‌కి తేడా. బయట వాన, లోపల వాదన.

"మీకు నాతో గొడవ పడకపోతే అన్నం అరగదా?" అనేదామె. అంటూనే కుర్చీ ముందుకి జరుపుకునేది.

ఒక సాయంత్రం వాళ్ళమ్మ గురించి చెప్పింది. ఇదే జబ్బు. తెలిసేసరికే చెయ్యి దాటిపోయిందట. అప్పుడైనా నిజం చెప్పాల్సింది, ధైర్యం చాలలేదు.

మర్నాడు ఆమె ఒక స్లైడ్ పెట్టింది. అందులో గోధుమరంగు మచ్చుకైనా లేదు.

"ఇందులో ఏం చూసి ఎక్కువని రాశారు?"

"మీ ఎదురుగా కూర్చోవాలని రాశాను," అన్నాడు మెల్లగా.

ఆమె నవ్వలేదు.

"మీరు గట్టిగా వాదిస్తే నమ్మాను. కొన్నిచోట్ల నా రీడింగ్ కూడా మార్చుకున్నాను. పనిచేసే మందు పనిచేయదని తేలితే? ఆ స్లైడ్ల వెనక మనుషులున్నారండీ." లేచి వెళ్ళిపోయింది.

అతను తిన్నగా గైడ్ మేడమ్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాడు. కారణం కూడా దాచలేదు. చివాట్లు బాగానే పడ్డాయి. వాళ్ళిద్దరూ చూసిన స్లైడ్లన్నీ మళ్ళీ మొదటినుంచి చూడాలన్నారు. అతని కుర్చీలోకి వేరే రీడర్ వచ్చారు, అతన్ని శాంపిల్స్ భద్రపరిచే గదికి పంపారు. ఇక ఆమె తన మొహం చూడదని అతనికి ఖాయమైపోయింది.

చాన్నాళ్ళకి, ఆ గది తలుపు దగ్గర ఆమె నిలబడింది.

"స్లైడ్లన్నీ మళ్ళీ చూడడం అయిపోయింది," అంది. "కొత్త రీడర్‌తో ఎక్కడా పెద్దగా తేడా రాలేదు."

"మంచిదేగా."

"మంచిదే. నాకే ఏం తోచలేదు." గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "మేడమ్‌కి చెప్పమని నేను అడగలేదు. నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో అతనికి అర్థం కాలేదు.

"మీకు తెలుసుగా," అన్నాడు.

"మా నాన్నకి అంతా చెప్పాను. నిన్ను తీసుకురమ్మన్నారు."

"తిట్టడానికా?"

"అబద్ధం రాసినవాళ్ళని చాలామందినే చూశారట. తనంతట తనే వెళ్ళి ఒప్పుకున్నవాణ్ణి ఒక్కసారి చూడాలట."

"మరి నువ్వేమన్నావు?"

"నేను చూశాను నాన్నా, నాకు నచ్చాడన్నాను."