అమ్మేవాడు కోసిన పిక్క

"పప్పు వేయించిందా, పచ్చిదా?"

"సగం వేగింది," అన్నాడు యుగంధర్.

సంకేతం సరిపోయింది. పలాస స్టేషన్ బెంచీ మీద జీడిపప్పు వ్యాపారి వేషంలో కూర్చున్న చీఫ్ నారాయణరావు శాంపిల్ పొట్లం విప్పి, తల ఎత్తకుండానే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

మూలపేట దగ్గర కొబ్బరితోటలో ఒక ఇల్లు. సముద్రం మీదుగా ఆయుధాలు దింపే విదేశీ ముఠా స్థావరం అది. లోపలున్న ఐదుగురూ పలాసలోని ఒక జీడిపిక్కల వేలం వెబ్‌సైట్‌లో అమ్మకందార్లుగా చేరారు. నాయకుడు కూర్మారావు అనే దొంగ పేరుతో ఉన్నాడు. ఐదుగురిలో ఒకడు మాత్రం డిపార్ట్‌మెంట్ ఏజెంటు, ఉమామహేష్. లోపల అందరి ఫోన్లూ లాగేసుకున్నారు. ల్యాప్‌టాప్‌లో ఆ సైట్ ఒక్కటే తెరుస్తారు.

"ఇవాళ మధ్యాహ్నం సైట్ ఆఫీసు నుంచి ఉమామహేష్‌కు ఒక బిడ్ పంపాలి. దాని అర్థం అతనికి తెలుసు, బయటికి వచ్చేస్తాడు. తర్వాత పోలీసులు చుట్టుముడతారు."

"ఇబ్బంది ఏమిటి సార్?"

"ఆ ఆఫీసు నుంచి ఇంతకుముందు ఇలాగే ఇద్దరు ఏజెంట్లకు బిడ్లు పంపాం. మనం ఎవరికి పంపామో ముఠాకు తెలిసిపోయింది. ఇద్దరూ పోయారు. లీకు ఎక్కడుందో కనిపెట్టు. సైట్ ఆపకూడదు, ఆపితే నాయకుడు అనుమానించి మిగతా నలుగురినీ కాల్చి పడవెక్కుతాడు."

పేజీ లోపల ఏం జరుగుతోందో చూపించే సాధనం, డీబగ్గర్, ఆఫీసులో ఉందనీ, దాన్ని కన్సల్టెంటు కుసుమ అమర్చిందనీ, ఆమె డిపార్ట్‌మెంట్ మనిషేననీ చీఫ్ చెప్పాడు. లైసెన్సు కూడా డిపార్ట్‌మెంటే కొంది.

గోడౌను మీది అంతస్తులో ఆఫీసు. మెడలో ట్రైనర్ కార్డుతో యుగంధర్ అడుగుపెట్టేసరికి కుసుమ నల్లకళ్ళద్దాలు జుట్టులోకి తోసుకుని నవ్వింది. ఆ గదిలోని జీడినూనె వాసనను ఆమె సెంటు ఒక మూలకు నెట్టేసింది. సైట్ రాసిన భార్గవి జలంత్రకోట రైతుల అమ్మాయి. ఆమె నవ్వలేదు.

యుగంధర్ పరీక్షకని, లేని అమ్మకందారు పేరు మీద ఒక ఉత్తుత్తి బిడ్ కొట్టాడు. కుసుమ డీబగ్గర్‌లో ఆకుపచ్చ లైటు వెలిగింది. పేజీ నుంచి బయటికి వెళ్ళిన పిలుపు ఒక్కటే, అదీ సొంత సర్వర్‌కే. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఆకుపచ్చే. పేజీ కోడ్‌లో అడుగడుక్కీ అలర్ట్ బాక్సులు పెట్టాడు. వాటికి ఓకే నొక్కీ నొక్కీ వేలు నొప్పి పుట్టింది తప్ప లీకు జాడ లేదు. కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. కీబోర్డును కిటికీలోంచి విసిరేయాలనిపించింది అతనికి.

తప్పు లేదని చూపించే యంత్రం ముందు కూర్చుని తప్పు కోసం వెతకడంలో ఒక రకమైన అవమానం ఉంది. అన్నిటికన్నా చికాకు ఏమిటంటే, ఆకుపచ్చ లైటు వెలిగిన ప్రతిసారీ అతని భుజాలు తేలికపడుతున్నాయి. ఆ లైటును నమ్ముతున్నది తన బుద్ధి కాదు, తన అలసట.

వేరే సాధనాలు లేవా అని భార్గవిని అడిగాడు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరూ, దానికి తగిలించే, ఊరికే దొరికే ఫైర్‌బగ్ అనే ఓపెన్ సోర్స్ డీబగ్గరూ పెట్టుకుందామని తను ఎప్పుడో అడిగిందట. యజమాని, ఆమెకు మావయ్య అయిన వైకుంఠరావు ఒప్పుకోలేదట. పక్క గదిలోంచి ఆ మాట విన్న వైకుంఠరావు అక్కడినుంచే జవాబిచ్చాడు.

"ఊరికే ఇచ్చీవోడికి ఏటి లాభం? లాభం లేకండా ఎవుడైనా ఇత్తాడేటి?"

యుగంధర్‌కు ఆ వాదన సబబుగానే తోచింది. అందుకే మరీ చిరాకేసింది. వరండాలోకి వచ్చి నిలబడ్డాడు.

కింద లారీ నుంచి పిక్కల బస్తాలు దిగుతున్నాయి. సరుకు తెచ్చిన పైడిరాజు, ముందే సగానికి కోసిన పిక్కలు పళ్ళెంలో పేర్చి చూపిస్తున్నాడు. ఒక్కటి కూడా పుచ్చు లేదు. వైకుంఠరావు మెట్లు దిగి వెళ్ళి ఆ పళ్ళేన్ని చేత్తో పక్కకు జరిపాడు.

"నువ్వు కోసిన పిక్కలు నాకెందుకు బావా? బస్తా నేనిప్పుతాను. పిక్క నేను కోత్తాను."

"నమ్మకం లేదేటి నా మీద?"

"నీ మీద ఉంది. నీ పళ్ళెం మీదే లేదు."

అడుగు బస్తా లాగించి, మధ్యలో చెయ్యి దూర్చి, పిడికెడు పిక్కలు తీసి తన కత్తితో కోశాడు. రెండోదే నల్లగా ఉంది.

యుగంధర్ కదలకుండా నిలబడిపోయాడు. పిక్కల దగ్గర అంత గట్టిగా ఉన్న మనిషి, సాఫ్ట్‌వేర్ దగ్గర పళ్ళెం చూసి సరుకు కొన్నాడు. డిపార్ట్‌మెంటూ అదే చేసింది. పొద్దుట్నుంచి తనూ అదే చేస్తున్నాడు.

లోపలికి వచ్చి ఆలోచన మొదలుపెట్టాడు. ఎక్స్‌డీబగ్ అనే సాధనం సర్వర్ లోపలి సంగతే చెబుతుంది, లీకు పేజీలో ఉంటే దానికి తెలియదు. వైర్‌షార్క్ అనేది వైరు మీద పోయేదంతా పడుతుంది గానీ, ఈ మెషీన్‌లో అది పెట్టాలంటే పాస్‌వర్డ్ కావాలి. అది కుసుమ దగ్గరుంది. మిగిలింది ఫైర్‌బగ్. బ్రౌజర్ లోపలే కూర్చుంటుంది. దాని కోడ్ దాచింది కాదు, ఆ బస్తా ఎవరైనా విప్పుకోవచ్చు.

డౌన్‌లోడ్ సగంలో ఆగిపోయింది. ఈసారి అతను నిజంగానే బల్ల మీద గుద్దాడు. భార్గవి బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసి ముందు పెట్టింది.

"రెండూ ఇందులో ఉన్నాయి సార్. మావయ్యకి సెప్పకండి."

పరీక్ష బిడ్ కొట్టాడు. ఫైర్‌బగ్ నెట్ ప్యానెల్‌లో రెండు వరసలు కనిపించాయి. మొదటిది సొంత సర్వర్‌కు. రెండోది చుక్కంత బొమ్మ కోసం ఎక్కడో విదేశీ అడ్రసుకు వెళ్ళిన పిలుపు. ఆ అడ్రసు తోకకు అమ్మకందారు పేరు అంటుకుని ఉంది. దాన్ని పంపిన స్క్రిప్టు, కుసుమ డీబగ్గర్ ప్రతి పేజీలో దూర్చినదే. ఆమె సాధనం అన్నిటినీ లెక్కపెడుతుంది, తనను తప్ప.

భార్గవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడే తలుపు తెరుచుకుంది.

"టైమైంది. ఎవరికో చెప్పండి, బిడ్ నేను కొడతాను," అంది కుసుమ.

"నేనే కొడతాను మేడమ్. నేర్పాలంటే ముందు నేను నేర్చుకోవాలిగా."

ఆమె బల్లకు అటువైపు కూర్చుంది. స్క్రీన్ ఆమెకు కనిపించదు. పిలుపును కట్టేస్తే ముఠాకు అనుమానం, వదిలేస్తే ఉమామహేష్ చావు. యుగంధర్ ఆ స్క్రిప్టులో, పేరు బయల్దేరే చోట, దాని నడకను ఆపే గుర్తు, బ్రేక్‌పాయింట్, పెట్టాడు. ఉమామహేష్‌కు బిడ్ కొట్టాడు. అసలు బిడ్ వెళ్ళిపోయింది. రెండో పిలుపు గడప దాటబోతూ ఆగింది. పేజీ బిగుసుకుపోయింది.

"ఏం, హ్యాంగ్ అయిందా?" ఆమె లేవబోయింది.

"మీ మెషీన్లే మేడమ్. పొద్దుట్నుంచి ఇదే బాధ."

ఆ విసుగును నటించాల్సిన అవసరం అతనికి లేకపోయింది. ఆమె మళ్ళీ కూర్చుంది. ఆగి ఉన్న విలువలో ఉమామహేష్ పేరు చెరిపి, కూర్మారావు అని టైపు చేసి, కంటిన్యూ నొక్కాడు. పిలుపు వెళ్ళింది. అతను ఫైర్‌బగ్‌ను మూసి స్క్రీన్‌ను ఆమె వైపు తిప్పేసరికి ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు. తన ముఖం ఎలా ఉందో ఆమె ముఖంలో కనబడి, యుగంధర్ చూపు తిప్పుకున్నాడు.

సాయంత్రం నారాయణరావు ఫోన్ చేశాడు. ఆ పేరు విదేశం నుంచి తోటలోని ఇంటికి చేరగానే, ద్రోహి తమ నాయకుడేనని ముఠా నమ్మింది. సొంత మనుషులు తరుముతుంటే కూర్మారావు తోట దాటి పరుగెత్తుకొచ్చి, తనంతట తనే పోలీసు జీపెక్కి తలుపేసుకున్నాడు. ఆ గందరగోళంలో ఉమామహేష్ నడుచుకుంటూ బయటికొచ్చాడు. కుసుమను రైల్వే స్టేషన్‌లో పట్టుకున్నారు.

"బాగుంది. అసలు ఆ టూల్ ఎవరి దగ్గర కొన్నావు?"

"కొనలేదు సార్. ఊరికే వచ్చింది."

అవతల చీఫ్ పెన్ను మూసిన చప్పుడు వినిపించింది.

"అయితే రిపోర్టులో రాయకు. మిగతా కథంతా నమ్ముతారు గానీ, అది నమ్మరు."