ఎడమ అద్దం

గరాచర్మ బస్టాపు వెనక రేకుల షెడ్డులో నేను బండ్ల వైరింగు పని చేస్తాను. నా పేరు సుందర్‌రాజ్. ఆ రోజు మధ్యాహ్నం నుంచి ముసురు. ప్రోతరాపూర్ నూకన్న తన పాత వ్యాను తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. టూరిస్టులను తిప్పిన బండి, ఈమధ్యే సెకండ్ హ్యాండులో కొన్నాడు.

"వెనక చూసే ఎడమ అద్దం దానంతట అదే కిందికి వంగిపోతోంది భయ్యా. స్విచ్చు ముట్టుకోకుండానే."

"తీగలు ఎక్కడో ఒరుసుకుంటూ ఉంటాయి నూకన్నా. పెద్ద పనేం కాదు."

"ఈరోజే అయిపోవాలి. అమ్మాయికి నెలలు నిండాయి. ఏ క్షణాన ఆసుపత్రికి తీసుకెళ్లాలో."

ఫ్యూజు బాగుంది. స్విచ్చు బాగుంది. తలుపుకూ బండికీ మధ్య ఉండే రబ్బరు గొట్టం లాగి చూస్తే దొరికింది అసలు సంగతి. తలుపు తీసీ వేసీ తీసీ వేసీ లోపలి మూడు తీగలూ తొడుగు ఊడి, ఒకదానికొకటి తగులుతున్నాయి. పాడైన ముక్కలు కోసేసి, కొత్త తీగలు అతికి, టేపు గట్టిగా చుట్టాను. స్విచ్చు నొక్కితే అద్దం చెప్పినట్టు విన్నది.

నూకన్న మొహంలో మాత్రం సంతోషం లేదు. "వండూర్ రోడ్డులో ఒకసారి తిప్పి చూద్దాం. అద్దం అక్కడే వంగుతుంది."

మా దీవుల్లో పొద్దు తొందరగా గూకుతుంది. ఇళ్లు దాటి అడవి మొదలయ్యేసరికి రోడ్డు నల్లగా అయిపోయింది. కుళ్లిన ఆకుల వాసన, దాని మీద ఉప్పునీటి వాసన. కీచురాళ్లు చెవులు హోరెత్తిస్తున్నాయి. నేను ఎడమ సీట్లో కూర్చున్నాను.

ఒక మలుపు దాటాక కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

జ్... జ్... జ్...

అద్దం కిందికి వంగుతోంది.

నాకు కోపమొచ్చింది. నా పని తప్పవుతుందా? అద్దం పక్కనున్న ప్లాస్టిక్ మూత పీకి, మోటారుకు వెళ్లే ప్లగ్గు ఊడదీశాను. ప్లగ్గు నా అరచేతిలో ఉంది. ఇక కరెంటు వెళ్లే దారే లేదు.

జ్... జ్...

బండి వెనక చక్రం కనిపించేంతగా అద్దం వంగి ఆగింది. టెయిల్ లైటు ఎర్రటి వెలుతురులో రెండు పాదాలు కనిపించాయి. ఆడమనిషి పాదాలు. తడిసి, నీళ్లలో నానిపోయినట్టు తెల్లగా ఉన్నాయి. బండి వేగంగానే పోతోంది. ఆ పాదాలు పరిగెత్తడం లేదు... నడుస్తున్నాయి. బండితో పాటే.

"నూకన్నా... బండి ఆపు..."

"ఆపినా తలుపు తీయకు భయ్యా," అని గుసగుసలాడాడు. "ఆవిడ ఎక్కాలని చూస్తుంది. మొన్నా ఇంతే."

వెనక జారుడు తలుపు పిడి బయటినుంచి కదిలింది. టక్... టక్...

అప్పుడే అతని ఫోను మోగింది. భార్య కాళమ్మ. అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయట.

నూకన్న బండి వెనక్కి తిప్పాడు. దారంతా పిడి చప్పుడే. టక్... టక్... ప్రోతరాపూర్‌లో ఇంటి ముందు గొడుగు కింద తల్లీకూతుళ్లు నిలబడి ఉన్నారు. అమ్మాయి కడుపు పట్టుకుని వంగిపోతోంది. బండి ఆగింది. అద్దంలో చూశాను. ఆ పాదాలు కూడా ఆగాయి. జారుడు తలుపు ముందు. వేళ్లు బండి వైపుకి.

కాళమ్మ అమ్మాయిని పట్టుకుని తలుపు దగ్గరికి వస్తోంది.

"అక్కా, రావద్దు!" కిటికీ సందులోంచి అరిచాను. "అక్కడే ఉండు! ఆటో పిలువు!"

"పాగల్ హో గయా క్యా? పిచ్చి పట్టిందా? పిల్ల చచ్చిపోతుంటే..."

"కాళీ!" నూకన్న గొంతు చీలిపోయింది. "నీ కాళ్లు పట్టుకుంటాను. ఈ బండి ముట్టుకోకండి!"

ఆ గొంతు విని ఆమె ఆగిపోయింది. మొగుణ్ణి తిడుతూ, ఏడుస్తూ, పక్కింటి ఆటో ఎక్కించి కూతుర్ని తీసుకుపోయింది. మేం తలుపులు బిగించుకుని లోపలే ఉండిపోయాం. కిటికీ అద్దాల మీద మా ఊపిరి ఆవిరి పేరుకుంది. నూకన్న స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. చాలాసేపటికి పిడి చప్పుడు ఆగింది. అద్దం మెల్లగా పైకి లేచింది. అప్పుడు గానీ దిగడానికి ధైర్యం రాలేదు.

ఆ రాత్రే నూకన్నకు మనవరాలు పుట్టింది, తల మీద మెత్తటి ఎర్రజుట్టుతో. తల్లీబిడ్డా క్షేమం. కాళమ్మ మాత్రం నాతో ఇప్పటికీ సరిగా మాట్లాడదు.

మర్నాడు ఉదయం ఎండ కాసింది. ఆ అద్దం మొత్తం పీకి పారేయమన్నాడు నూకన్న. రబ్బరు గొట్టం లాగాను. నేను చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది, ఎవరూ ముట్టుకున్న గుర్తు లేదు. బ్లేడుతో కోసి విప్పాను.

లోపల మూడు తీగలూ మూడు పాయలుగా, ఆడపిల్ల జడలా అల్లి ఉన్నాయి. చివర ఒక పొడవాటి వెంట్రుకతో ముడి వేసి ఉంది.

ఆ వెంట్రుకలో సగం నల్లగా ఉంది. మిగతా సగం, పసిపిల్లల జుట్టులా, మెత్తగా, ఎర్రగా ఉంది.