ఇసుకలో ఐదు కళ్ళ పువ్వు

టిఫిన్ డబ్బా మూత తీయగానే రాకెట్ మొహం వాడిపోయింది. లోపలున్న పువ్వు అంతకంటే ఎక్కువ వాడిపోయింది.

రాకెట్ అసలు పేరు కాదులెండి. పరుగెత్తి పాలు తాగేదే తప్ప నిలబడి నీళ్ళు తాగే రకం కాదని ఇంట్లోవాళ్ళు అలా పిలుస్తారు. బడి వెనక ఇసుక నేలలో ఎవరైనా కొత్త మొక్కను గుర్తుపడితే, దాని పేరుతోపాటు వాళ్ళ పేరూ వరండా బోర్డు మీద రాస్తారు. అన్న పేరు ఇప్పటికే అక్కడుంది. తన పేరు కూడా ఎక్కాల్సిందే అనుకుంది రాకెట్. అందుకే కొత్త పువ్వు కనబడగానే తుంచి తెచ్చింది.

సైన్స్ టీచర్ నలిగిన రేకుల్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆకు ఎలా ఉందని అడిగారు. రాకెట్ చూడలేదు. కాయ ఉందా అంటే అదీ తెలియదు.

"వట్టి పువ్వు తెస్తే నేనేం చెప్పనమ్మా? మొక్క అక్కడే ఉందిగా, వెళ్ళి దాన్నే అడుగు," అన్నారు టీచర్.

అన్న ఊరుకుంటాడా? ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటూ ఇంటికెళ్ళే దారి పొడవునా ఏడిపించాడు. రాకెట్‌కి ఉక్రోషం వచ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది.

మొక్క నేలను కరుచుకుని ఉంది. నిలబడితే ఆకులే కనిపించాయి. వంగినా అంతే. ఇక లాభం లేదని బోర్లా పడుకుంది.

అప్పుడు కనిపించింది పువ్వు. లేత పసుపు రంగు, నక్షత్రంలా ఐదు కోణాలు, మధ్యలో కళ్ళలా ఐదు తెల్లటి నూగు చుక్కలు. పక్కనే చిన్న కాయ. పువ్వు రాలినా, దాని అడుగునుండే పచ్చటి గిన్నె మాత్రం రాలలేదు. పెరిగి, కాయకు చొక్కాలా పట్టుకుని ఉంది.

ఇలాంటిది ఎక్కడో చూశానే అని బుర్ర గోక్కుంది. వంటింట్లో! వంకాయ నెత్తిన టోపీ, టమాటా నెత్తిన టోపీ. బాల్కనీ కుండీలో టమాటా పువ్వు కూడా నక్షత్రమే.

ఈసారి ఏమీ తుంచలేదు. చేతులూపుకుంటూ పరిగెత్తింది.

"టీచర్, అది వంకాయవాళ్ళ చుట్టం!"

టీచర్ మొక్కల పుస్తకం తీసుకుని వచ్చి, ఆకూ పువ్వూ కాయా అన్నీ సరిచూశారు. వంకాయ కుటుంబమే. ఎడారి నేలల్లో పెరిగే ఐదు కళ్ళ మొక్క. చుట్టమైనా నోట్లో పెట్టుకోకూడదని గట్టిగా చెప్పి, తనే బోర్డు మీద రాకెట్ పేరు రాశారు. రాకెట్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అన్న ఆ పేరు రెండుసార్లు చదివాడు.

మధ్యాహ్నం బడి పిల్లలంతా ఇసుక నేలకు పోయారు. ఒక చిన్నపాప పువ్వు మీద చెయ్యి వేయబోయింది. రాకెట్ ఆ చెయ్యి మెల్లగా పట్టుకుంది.

"తుంచకు. ఇలా పడుకుని చూడు."

పాప పడుకుంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ పడుకున్నారు, అన్నతో సహా. దూరం నుంచి చూసిన హెడ్‌మాస్టర్, పిల్లలకి ఏమైందోనని ఆయాసపడుతూ వచ్చారు.

రాకెట్ పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చింది.