సబ్‌వేలో గుసగుస

స్టేషన్ ముందున్న సబ్‌వేకి మంచి పేరు లేదు. రాత్రి పదిన్నర దాటాక అందులోకి దిగితే, చెవి పక్కనే ఎవరో గుసగుసలాడతారట. తిరిగి చూస్తే మనిషి ఉండడట. నిప్పు లేనిదే పొగ రాదంటూ పేపర్లమ్మే పెద్దాయన కూడా చీకటి పడితే రోడ్డు మీంచే దాటతాడు.

అలాంటి చోటికి కోరి వెళ్లింది పాముచెవి. సినిమాలకి శబ్దం రికార్డు చేయడం ఆమె పని. చీమ నడిచినా వింటుందని యూనిట్‌వాళ్లు పెట్టిన పేరది. వెంట కెమెరా ఆమె. ఏడేళ్లుగా ఒకే ఇంట్లో, ఒకే ప్రాణంగా ఉంటున్నారిద్దరూ. వాళ్లు తీస్తున్న డాక్యుమెంటరీలో మనుషులు కనబడరు — ఖాళీ వీధులు, వంతెనలు, వెలిగే కిటికీలు. వాటి మీద వీళ్లిద్దరి గొంతులు, తమ ప్రేమకథ చెబుతూ. మొదటిసారి చెయ్యి పట్టుకున్నది ఈ సబ్‌వేలోనే కాబట్టి ఇదే ఆఖరి షాటు.

సినిమా బయటికొచ్చేలోగా ఇద్దరూ ఇళ్లలో తమ సంగతి చెప్పేయాలని మాట. పాముచెవి పోయిన వారమే చెప్పింది. "నాకు కూతురు లేదు," అని తండ్రి మొహమ్మీదే తలుపేశాడు. పోనీలే, నాకు తోడుగా అదుంది కదా అని గుండె రాయి చేసుకుంది.

షాటయ్యాక, ఆ చోటి నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేయాలి. ప్రతిచోటా చేసేదే.

"నువ్వు పైకెళ్లు. నీ చెప్పుల చప్పుడు కూడా పడకూడదు."

కెమెరా ఆమె మెట్లెక్కి వెళ్లిపోయింది. పాముచెవి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఎక్కడో నీటి చుక్క... ట్యూబ్‌లైటు రొద... ఇంకేం లేదు.

అప్పుడు — సరిగ్గా చెవిలోనే — ఊపిరి.

గిరుక్కున తిరిగింది. ఎవరూ లేరు! ఒళ్లు జలదరించింది.

"...ఒట్టక్కా... మా మధ్య ఏం లేదు..."

ఆడగొంతు. గుసగుస.

"...ఆ సినిమా దాని కథ. నేను కెమెరా పట్టుకున్నానంతే... నా మాటలన్నీ తీసేశా... పెళ్లివాళ్లకి సరేనని చెప్పెయ్..."

దెయ్యమైతే ఎంత బాగుండు అనుకుంది పాముచెవి. ఏడేళ్లుగా పక్క దిండు మీంచి వింటున్న గొంతది. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కదా అని గోడకి చేరగిలబడింది.

కెమెరా ఆమె ఫోను జేబులో పెట్టుకుంటూ దిగొచ్చింది. సాయంత్రం తన కథ చెప్పడానికి కాలరుకి తగిలించుకున్న చిన్న వైర్‌లెస్ మైకు తీయడం మరిచిపోయింది. అది ఇంకా ఎర్రగా వెలుగుతూనే ఉంది.

"ఏంటే, అలా పాలిపోయావ్? దెయ్యం గానీ మాట్లాడిందా?" అంది నవ్వుతూ.

"మాట్లాడింది..." అంది పాముచెవి. "వాళ్లక్కతో."