చెంచాడు ఉప్పు బరువు

పొద్దున్నే కూర ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కొడుకు ముఖం చిట్లించి కంచం పక్కకు జరిపాడు.

"మళ్ళీ ఉప్పు కషాయమే. ఈ మధ్య రోజూ ఇదే వరసమ్మా. వేసింది మర్చిపోయి మళ్ళీ వేస్తున్నావు."

"ఒక్క చెంచాయే వేశాన్రా," అంది తల్లి. ఆ మాట మీద ఆమెకే నమ్మకం ఉన్నట్టు లేదు.

"ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఇక పొయ్యి దగ్గరికి రాకు. రేపు గ్యాస్ కట్టెయ్యడం మర్చిపోతే ఇంకేమన్నా ఉందా?"

ఏళ్ళ తరబడి ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన మనిషి, ఎదురు చెప్పకుండా చీర మార్చుకోవడానికి గదిలోకి వెళ్ళిపోయింది. కోడలి మనసు చివుక్కుమంది.

కోడలికి ఏదీ ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. అత్తగారు కూర చేస్తున్నంతసేపూ ఆమె పక్కనే ఉల్లిపాయలు తరుగుతూ ఉంది. పడింది ఒక్క చెంచాయే. మరి ఇంత ఉప్పు ఎక్కణ్ణుంచి ఊడిపడినట్టు?

కేకుల కోసం కొన్న చిన్న త్రాసు తీసి, డబ్బాలోంచి చెంచాడు ఉప్పు తూచింది. పద్దెనిమిది గ్రాములు. అల్మారా మూల పాత ప్యాకెట్ అడుగున కాస్త రాళ్ళుప్పు మిగిలి ఉంది. అదే చెంచాతో అదీ తూచింది. పన్నెండే. నమ్మలేక మళ్ళీ తూచింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు భర్త, బండి తాళాలు వెతుక్కుంటూ. "అమ్మే ఒప్పుకుని బయల్దేరుతోంది."

"డబ్బాలో ఈ మెత్తుప్పు ఎవరు పోశారు?"

"నేనే. రాళ్ళుప్పు దొరక్కపోతే ఇది తెచ్చా. ఏదైతేనేం, ఉప్పు ఉప్పే కదా."

"ఇలా రండి. రాళ్ళ మధ్య సందులుంటాయి. మెత్తటిది సందు లేకుండా సర్దుకుంటుంది. చెంచా అదే, ఉప్పు మాత్రం ఒకటిన్నర రెట్లు. అత్తయ్య ఏమీ మర్చిపోలేదండీ. మీరు సరుకు మార్చారు."

అతను తనే ఒకసారి తూచి చూశాడు.

గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. "మెత్తగా ఉండటం చూశాను. ఏ ఉప్పైనా చెంచా చెంచానే కదా అనుకున్నా." అక్కడే కుర్చీలో కూలబడింది. "రోజూ పడుకునే ముందు మీ ఇద్దరి పేర్లూ పైకి అనుకునేదాన్నిరా, ఎప్పుడు మర్చిపోతానోనని."

కొడుకు కళ్ళు చెమర్చాయి. "మతి లేనిది నాకమ్మా," అని ఆమె చేతులు పట్టుకున్నాడు. ఆ పూట ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు.

మధ్యాహ్నం ఆవిడే పొయ్యి వెలిగించింది. చెంచా నింపి, ఆగి, కోడలి వంక చూసింది. "ఎంత తగ్గించను?"

"మూడో వంతు, అత్తయ్యా."

తగ్గించి వేసి, కాస్త కూర కొడుకు అరచేతిలో పెట్టింది. అతను రుచి చూసి నసిగాడు. "ఇంకొంచెం పడుతుందేమోనమ్మా."

"వేస్తాలే. మళ్ళీ మర్చిపోయాననవు కదా?"

అతను డబ్బా మూత తీసి తల్లి ముందు పెట్టాడు.