పరుపు మీద సగం సీసా

2021 ఏప్రిల్ 19, సోమవారం. ఉదయం 11:20.

పరాయి రాష్ట్రంలోని మగ్గాల పేట ఉధ్నాలో, ఆ ఇరుకు గదిలో నేల మీద పరుపు. పరుపు మీద లస్మయ్య శవం. వయసు నలభై ఆరు. మగ్గాల షెడ్డులో నైట్ షిఫ్ట్ మనిషి. కిటికీ మూసి ఉంది. గ్యాస్ స్టవ్ నాబ్ తిప్పే ఉంది.

ఎస్సై సుభాషిణి ఉధ్నాలో పుట్టిన తెలుగు పిల్లే. ఇలాంటి గదులు ఆమెకు కొత్త కాదు. ఇద్దరు మనుషులు, ఒకటే పరుపు. రాత్రి, డే షిఫ్ట్ చేసే వినోద్ పడుకుంటాడు, పగలు లస్మయ్య. ఎండాకాలం వినోద్ లేచేసరికి పరుపంతా చెమట. అందుకే లస్మయ్య పడుకునేముందు మెడకు, దుప్పటికి నాలుగు చుక్కల సెంటు రాసుకునేవాడు. నిమ్మ, మల్లె కలిసిన సెంటు. పాపం, అతనికున్న షోకు అదొక్కటే.

గ్యాస్ వాసనకు తలుపు తోసింది పక్కగది రాజమ్మ.

"నిన్న పొద్దుగాల ఇద్దరు లొల్లి పెట్టుకున్నరు మేడం. సెంటు వాడుకొని సీసల నీళ్ళు కలిపినవని లస్మయ్య. ముట్టనే లేదని వినోద్."

"ఇవాళ లస్మయ్యను చూశావా?"

"ఏడున్నరకు చాయ్‌కని పాలు తీస్కపోయిండు. జర నీరసంగ ఉండె."

కానిస్టేబుల్ అప్పుడే కేసు తేల్చేశాడు. అతనికన్నీ తొందరే. తాగిన చాయ్ గ్లాసు చూపించాడు. "గ్యాస్ లీకవుతుంటే పక్కనే కూర్చుని ఎవడైనా చాయ్ తాగుతాడా మేడం? ఇతను నిద్రపోయాక వినోద్ వచ్చి నాబ్ తిప్పాడు. వాడు పనిచేసే షెడ్డు రెండు గల్లీల అవతలే."

మధ్యాహ్నానికి వినోద్ స్టేషన్‌లో ఉన్నాడు. లస్మయ్య మేనల్లుడు. ఇరవై రెండేళ్ళు.

"మామను నేనెందుకు సంపుత మేడం? పని నేర్పిందే ఆయన."

సుభాషిణి మళ్ళీ గదికి వెళ్ళింది. సెంటు సీసా సగం ఖాళీ. పంచనామాలో రాశారు గానీ మూత ఎవరూ తీయలేదు. ఆమె మాస్కు కిందికి లాగి మూత తీసింది. ఘాటైన నిమ్మ, మల్లె. దుప్పటి కూడా గుప్పుమంది. బర్నర్ మీద పొంగిన చాయ్ ఎండి అట్టకట్టింది.

ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసి ఒక టెస్ట్ అడిగింది.

సాయంత్రం 5:10. రిపోర్ట్ వచ్చింది. కొవిడ్ పాజిటివ్.

రాజమ్మను, వినోద్‌ను ఎదురుగా కూర్చోబెట్టింది. ఊళ్ళో ఉన్న లస్మయ్య భార్య సమ్మక్కకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"సీసాలో నీళ్ళు లేవు. లస్మయ్యకే వాసన తెలియలేదు. అందుకే సగం సీసా ఒంపుకున్నాడు. చాయ్ పొంగి మంట ఆరింది. తనే ఆర్పాననుకున్నాడు. గ్యాస్ వాసన కూడా తెలియక, పక్కనే చాయ్ తాగి పడుకున్నాడు. ఇందులో వినోద్ తప్పేమీ లేదు."

వినోద్ కళ్ళు తుడుచుకోలేదు. "దొంగననుకునే పోయిండు మామ."

ఫోన్‌లో సమ్మక్క ఏడుపు గొంతు.

"మొన్న ఫోన్ జేసి సెంటు వాసనొస్తలేదే అన్నడు. పిలగాడు వాడుకొని నీళ్ళు పోసిండేమో, అడుగుమని నేనే అన్న వినోదూ."

వినోద్ ఫోన్ దగ్గరికి వంగాడు.

"ఏడ్వకు అత్తా. మామను ఊరికి పంపరట. ఈడ నేనే సాగనంపుత. ఆయన సెంటు ఆయన మీదనే సల్లుత."

సుభాషిణి ఎవిడెన్స్ కవరు చింపి, సీసా అతని ముందు పెట్టింది.